సమూహాల మధ్య ఆదాయ అసమానత: కొలత, పోలిక (పశ్చిమ కర్నూలు ప్రాంతం ఉదాహరణగా)

కులం, మతం, లింగం, వృత్తి, భూమి, నివాస ప్రాంతం వంటి ఏదో ఒక ఆధారంతో జనాన్ని విభాగాలు చేసినప్పుడు ఆ విభాగాల రాబడుల్లో కనిపించే తేడాను సమూహాల మధ్య ఆదాయ అసమానత అంటారు. వ్యక్తుల మధ్య, కుటుంబాల మధ్య ఉండే అసమానతలో ఇది ఒక భాగం మాత్రమే. మొత్తం అసమానతలో ఎంత భాగం సమూహాల మధ్య ఉంది, ఎంత భాగం ఒక్కో సమూహం లోపలే ఉంది అన్నది ఈ అధ్యయనంలో కీలకమైన ప్రశ్న. ఆదాయం అంటే ఏమిటి, సమూహాన్ని ఎలా గీశారు, ఏ సూచికతో కొలిచారు అన్న మూడు నిర్ణయాలను బట్టి జవాబు మారుతుంది. కర్నూలు జిల్లా పడమటి భాగంలోని మద్దికెర, పత్తికొండ, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి ప్రాంతాల్లో ఈ మూడు చిక్కులూ ఒకేచోట కనిపిస్తాయి.

ప్రాంత స్వరూపం

మద్దికెర అనంతపురం జిల్లాలోని గుంతకల్లు రైల్వే కూడలికి దగ్గరగా ఉన్న మండల కేంద్రం. మండలాన్ని అధికారికంగా మద్దికెర ఈస్ట్ అంటారు. పత్తికొండ శాసనసభ నియోజకవర్గంలో ఉంది. ఇక్కడ సేద్యం ఎక్కువగా వానమీదే నడుస్తుంది. ఎర్రనేలల్లో బుడ్డలు (వేరుశనగ), ఆముదం, కంది, నల్లరేగడిలో పత్తి, జొన్న, పప్పుశనగ వేస్తారు. ఉత్తరాన ఆదోని, ఎమ్మిగనూరు వైపు కొన్ని గ్రామాలకు తుంగభద్ర దిగువ కాలువ నీరు అందుతుంది. మిగతా చోట్ల బోరు పడిన పొలానికీ పడని పొలానికీ రాబడిలో చాలా దూరం ఉంటుంది.

ఆదోని పత్తి మార్కెట్టుకూ జిన్నింగు మిల్లులకూ పేరుపడ్డ పట్టణం. ఎమ్మిగనూరు చేనేత కేంద్రం. మాచాని సోమప్ప చొరవతో 1938లో అక్కడ ఏర్పడిన నేత కార్మికుల సహకార సంఘం తెలుగునాట చేనేత సహకారోద్యమానికి తొలి ఆనవాళ్లలో ఒకటి. ఈ పట్టణాల చుట్టూ ఉన్న పల్లెల నుంచి ఖరీఫు ముగిశాక వేల కుటుంబాలు పత్తి తీయడానికీ మిరప కోయడానికీ గుంటూరు, పల్నాడు వైపు, తెలంగాణ జిల్లాలకు వెళతాయి. భవన నిర్మాణ పనులకు బెంగళూరు, హైదరాబాదు చేరేవారూ ఉన్నారు. వ్యవసాయ కూలికి ఇలా వెళ్లడాన్ని స్థానికంగా సుగ్గికి పోవడం అంటారు.

అంటే ఒకే ప్రాంతంలో బోరు కింద ఉల్లి, టమాటా పండించే రైతు, వాననే నమ్ముకున్న రైతు, మగ్గం కార్మికుడు, మార్కెట్టు హమాలీ, నెలజీతపు ఉద్యోగి, సుగ్గి కూలీ అందరూ ఉంటారు. వీరి రాబడులు వచ్చే తీరు వేరు, వచ్చే కాలం వేరు, వచ్చే చోటు కూడా వేరు.

ఆదాయాన్ని లెక్కించడం

జీతగాళ్ల ఆదాయం తెలుసుకోవడం సులువు. సేద్యపు రాబడి అలా కాదు. పంట విలువలోంచి విత్తనం, ఎరువు, మందు, కూలి, కౌలు వంటి చేతి ఖర్చులు మాత్రమే తీసివేయాలా, ఇంటివాళ్ల శ్రమకూ ఇంటి ఎద్దులకూ సొంత విత్తనానికీ కూడా విలువ కట్టి తీసివేయాలా అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన వ్యవసాయ కుటుంబాల స్థితిగతుల సర్వే ఇందుకు మంచి ఉదాహరణ. 2018-19 వ్యవసాయ సంవత్సరంలో దేశంలో సగటు వ్యవసాయ కుటుంబపు నెల ఆదాయం చేతి ఖర్చుల లెక్కన రూ.10,218. సొంత వనరుల విలువను కూడా తీసివేస్తే అది రూ.8,337కు తగ్గింది. సేద్యం మీద బతికేవారిని జీతగాళ్లతో పోల్చేటప్పుడు ఈ రెంటిలో ఏది తీసుకున్నామో చెప్పకపోతే ఆ పోలికకు అర్థం ఉండదు.

ఆ రూ.10,218లో కూలి, జీతాల వాటా రూ.4,063, పంటల వాటా రూ.3,798, పశుపోషణ వాటా రూ.1,582. మిగిలింది వ్యవసాయేతర వ్యాపారం, భూమి కౌలు. రైతు కుటుంబం అని రాసుకున్న ఇంటికి కూడా పంటకంటే కూలే ఎక్కువ తెచ్చిందన్నమాట. కాబట్టి రైతులు, కూలీలు అని రెండు పెట్టెలు చేసి పోల్చడం పశ్చిమ కర్నూలు వంటి చోట్ల నిజానికి దూరంగా పోతుంది. ఖరీఫులో రైతుగా ఉన్న మనిషే మాఘమాసంలో మిరప తోటలో కూలీ.

చేనేతలో మరో చిక్కు ఉంది. కూలి ముక్క లెక్కన వస్తుంది. మగ్గం మీద కూర్చున్న ఒక్కరి పేరనే అది నమోదవుతుంది. కండెలు చుట్టేది, పడుగు సరిచేసేది ఇంట్లోని ఆడవాళ్లు, పెద్దలు. నలుగురి శ్రమకు వచ్చిన మొత్తాన్ని ఒకరి సంపాదనగా రాస్తే నేతగాడి దినకూలి ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. వ్యాపారుల విషయంలో దీనికి వ్యతిరేకం. వారి ఆదాయం వారు చెప్పినంతే కాబట్టి సర్వేల్లో తక్కువగా నమోదయ్యే అవకాశం ఎక్కువ.

ఏటేటా ఆదాయం ఒకేలా ఉండని చోట, ఒక్క ఏడాది కొలత కూడా చాలదు. వాన తప్పిన ఏడు సర్వే చేస్తే మెట్టరైతు కూలీకంటే పేదవాడిగా తేలవచ్చు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ 1975లో మొదలుపెట్టిన గ్రామ అధ్యయనాలు ఈ లోటు తీర్చే ప్రయత్నం. అప్పటి పాలమూరు జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు సహా మహారాష్ట్ర, తెలంగాణ మెట్ట గ్రామాల్లో అవే కుటుంబాలను ఏళ్ల తరబడి వెంబడించి రాబడులు నమోదు చేశారు. ఒక ఏడాది తేడాలో ఎంత భాగం వాతావరణం చలవ, ఎంత భాగం నిలకడైన అసమానత అని విడదీయడానికి అటువంటి సమాచారమే కావాలి.

వలస తెచ్చే లెక్క తప్పులు

సర్వే బృందం ఫిబ్రవరిలో కోసిగి పల్లెకు వెళితే చాలా ఇళ్లకు తాళాలు ఉంటాయి, లేదా ముసలివాళ్లే ఉంటారు. తాళం వేసిన ఇంటిని వదిలి పక్క ఇంటిని తీసుకుంటే, భూమి ఉండి ఊళ్లో నిలిచినవారి వాటా నమూనాలో పెరుగుతుంది. అట్టడుగు సమూహమే లెక్కలోంచి జారిపోతుంది. అందుకే ఇలాంటి ప్రాంతాల్లో ఏడాదిలో కనీసం రెండు విడతలుగా, సుగ్గికి ముందు ఒకసారి, తిరిగి వచ్చాక ఒకసారి, అవే ఇళ్లను సర్వే చేయడం అవసరం.

జిల్లా తలసరి ఆదాయంతో పోల్చినప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. ఆ అంకె జిల్లాలో జరిగిన ఉత్పత్తి విలువను జిల్లా జనాభాతో భాగిస్తే వచ్చేది. పల్నాడులో మిరప కోసిన శ్రమ విలువ పల్నాడు జిల్లా ఖాతాలో పడుతుంది. కూలి డబ్బుతో ఇల్లు నడిచే కుటుంబం మాత్రం కర్నూలు జనాభాలో లెక్క. వలస ఎక్కువున్న జిల్లాలో తలసరి ఉత్పత్తి, కుటుంబాల అసలు రాబడి రెండూ ఒకటి కావు.

కూలికి వెళ్లేవారు మేస్త్రీ దగ్గర ముందుగా బయానా తీసుకుంటే దాన్ని అప్పుగా రాయాలా, ఆదాయంగా రాయాలా అన్నది కూడా సర్వే నియమాల్లో ముందే తేల్చాలి. పనిచోట ఇచ్చే బియ్యం, పోను రాను ఛార్జీలు కూలిలో కలిపారా లేదా అన్నదీ అంతే.

సమూహాలను గీయడం

ప్రభుత్వ గణాంకాల్లో సాధారణంగా వాడే సామాజిక విభాగాలు నాలుగు: ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఇతరులు. ఇవి పరిపాలనా విభాగాలు. ఒక్కో దానిలో ఆర్థికంగా ఎంతో తేడా ఉన్న కులాలు కలిసి ఉంటాయి. హద్దు మారితే విభాగమూ మారుతుంది. కర్నూలు, అనంతపురం జిల్లాల్లో వాల్మీకి బోయలు బీసీ-ఏ జాబితాలో ఉన్నారు. పక్కనే కర్ణాటకలోని బళ్లారిలో నాయక, వాల్మీకి, బేడ పేర్లతో ఉన్నవారు 1991 నుంచి ఎస్టీలు. ఆలూరు పల్లెలోని ఇంటికీ సరిహద్దు అవతలి బంధువుల ఇంటికీ రాబడి ఒకటే అయినా, రెండు రాష్ట్రాల సామాజిక విభాగాల సగటులను పోల్చే పట్టికలో అవి వేర్వేరు గడుల్లోకి వెళతాయి.

ప్రాంతాన్ని బట్టి గీసిన సమూహాలు కూడా స్థిరం కావు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా బళ్లారి జిల్లావి. మార్కాపురం, గిద్దలూరు 1970లో ప్రకాశం జిల్లాకు పోయాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరు జిల్లా అయ్యింది. కర్నూలు-కడప (కేసీ) కాలువ ఆయకట్టులో పెద్ద భాగం, శ్రీశైలం అటువైపు పోయాయి; మెట్ట పడమర ఇటువైపు మిగిలింది. ఆ రోజు ఎవరి ఇంటి రాబడీ ఒక్క రూపాయి మారలేదు. కర్నూలు జిల్లా అన్న పేరు కింద లెక్కవేసే సగటు మాత్రం మారింది. పాత జిల్లా అంకెను కొత్త జిల్లా అంకెతో పోల్చి పెరిగిందనో తగ్గిందనో చెప్పడం అందువల్ల చెల్లదు.

కుటుంబాన్ని ప్రమాణంగా తీసుకున్నప్పుడు స్త్రీ పురుషుల మధ్య తేడా కనుమరుగవుతుంది. ఇంటి ఆదాయాన్ని మనుషుల సంఖ్యతో సమానంగా పంచి తలసరి రాస్తారు కాబట్టి ఇంట్లో అందరికీ సమానంగా అందుతున్నట్టే లెక్క తేలుతుంది. స్త్రీల పరిస్థితి తెలియాలంటే కూలి రేట్లు, పని దినాలు, భూమి ఎవరి పేర ఉంది అన్నవి విడిగా చూడాలి.

సగటు, మధ్యగతం, నిష్పత్తి

రెండు సమూహాలను పోల్చడానికి అందరూ ముందు చూసేది సగటు. ఒకరిద్దరి పెద్ద రాబడికి సగటు పైకి లేస్తుంది. మద్దికెర, తుగ్గలి మండలాల్లో తొలకరి వానలు పడగానే పెరవలి, జొన్నగిరి పరిసరాల చేలల్లో జనం వజ్రాల కోసం వెతకడం ఏటా జరిగేదే. ఊళ్లో ఒక్క కూలీకి విలువైన రాయి దొరికితే ఆ ఏడు ఊరి కూలీల సగటు ఆదాయం ఎగబాకుతుంది. మిగతా కూలీలందరి ఇళ్లలో మాత్రం మార్పేమీ ఉండదు. అందరినీ రాబడి క్రమంలో నిలబెట్టినప్పుడు సరిగ్గా నడుమ నిలిచే వ్యక్తి రాబడి, అంటే మధ్యగతం, అలా కదలదు. అందుకే ఆదాయ పోలికల్లో సగటుతోపాటు మధ్యగతం ఇవ్వడం మంచి పద్ధతి.

తేడాను రూపాయల్లో చెప్పాలా, నిష్పత్తిగా చెప్పాలా అన్నది ఇంకో ఎంపిక. ఒక సమూహం సగటు రూ.60 వేల నుంచి రూ.90 వేలకు, మరొకటి రూ.1.20 లక్షల నుంచి రూ.1.70 లక్షలకు పెరిగిందనుకుందాం. నిష్పత్తి 2 నుంచి 1.89కి తగ్గింది. రూపాయల ఎడం రూ.60 వేల నుంచి రూ.80 వేలకు పెరిగింది. అసమానత తగ్గిందన్నవారూ పెరిగిందన్నవారూ ఇద్దరూ ఒకే లెక్కను చూపగలరు. రెంటినీ ఇవ్వడమే నిజాయితీ.

ప్రధాన సూచికలు

మాక్స్ లోరెంజ్ 1905లో ప్రతిపాదించిన వక్రరేఖ, జనాభాను పేదల నుంచి ధనికుల వరకు వరుసలో పేర్చి కింది 10 శాతానికి మొత్తం ఆదాయంలో ఎంత, కింది 20 శాతానికి ఎంత అని చూపుతుంది. కొరాడో గినీ 1912లో రూపొందించిన గినీ సూచిక ఆ రేఖ సమానతా రేఖ నుంచి ఎంత ఎడంగా ఉందో ఒక్క అంకెలో చెబుతుంది. అందరికీ సమానంగా ఉంటే 0, అంతా ఒక్కరి దగ్గరే ఉంటే 1కి చేరువ. ఉన్నవాడి నుంచి లేనివాడికి, వారి వరుస తారుమారు కాకుండా, డబ్బు బదిలీ అయితే సూచిక తగ్గాలన్న నియమాన్ని పిగూ ఆలోచన ఆధారంగా హ్యూ డాల్టన్ 1920లో స్పష్టం చేశాడు. గినీ ఈ నియమాన్ని పాటిస్తుంది. పై పది శాతం వాటాను కింది 40 శాతం వాటాతో భాగించే పాల్మా నిష్పత్తి సులువుగా అర్థమవుతుంది కానీ నడుమవారిని పట్టించుకోదు. ఆంథొనీ అట్కిన్సన్ 1970లో ఇచ్చిన సూచికలో, పేదల వైపు ఎంత మొగ్గాలో పరిశోధకుడు ముందే చెప్పాలి.

సమూహాల పోలికకు బాగా పనికివచ్చేది హెన్రీ థీల్ 1967లో ప్రతిపాదించిన సూచిక. మొత్తం అసమానతను సమూహాల మధ్య భాగం, సమూహాల లోపలి భాగం అని మిగులు లేకుండా రెండుగా విడదీయవచ్చు. గినీతో ఇది కుదరదు. రెండు సమూహాల రాబడులు ఒకదానిమీద ఒకటి పడినప్పుడు ఏ భాగానికీ చెందని మూడో అంశం మిగులుతుంది.

ఊహాత్మక ఉదాహరణ

పది ఇళ్ల ఊరు ఒకటి అనుకుందాం. బోరు ఉన్న ఐదు ఇళ్ల ఏడాది రాబడి వేల రూపాయల్లో 40, 60, 80, 120, 300. బోరు లేని ఐదు ఇళ్లవి 40, 50, 60, 70, 80. మొదటి సమూహం సగటు 120, రెండోదాని సగటు 60. సగటుల నిష్పత్తి 2. మధ్యగతాలు 80, 60. వాటి నిష్పత్తి 1.33 మాత్రమే. బోరు ఉన్న ఇళ్లలోనే గినీ సూచిక 0.39.

మొత్తం ఊరికి థీల్ సూచిక 0.240. అందులో 0.057, అంటే దాదాపు 24 శాతం, బోరు ఉన్నవారికీ లేనివారికీ మధ్య తేడా. మిగతా 76 శాతం సమూహాల లోపలిది, అందులోనూ ఎక్కువ భాగం బోరు ఉన్నవారి లోపలే. సగటు రెట్టింపు ఉన్నా సమూహాల మధ్య వాటా నాలుగోవంతు కూడా కాకపోవడం వింతగా తోచవచ్చు. ఇటువంటి ఫలితం నిజమైన సర్వేల్లోనూ తరచు వస్తుంది.

దీన్నిబట్టి సమూహాల తేడా చిన్న విషయమని తీర్మానించడం పొరపాటు. సమూహాల మధ్య భాగం నూరు శాతం కావాలంటే ఒక్కో సమూహంలో అందరికీ ఒకే రాబడి ఉండాలి. అది ఎక్కడా జరగదు. అందుకే క్రిస్ ఎల్బర్స్, పీటర్ లాంజో తదితరులు 2008లో, సమూహాల సంఖ్య, పరిమాణం అలాగే ఉంచి గరిష్ఠంగా ఎంత తేడా సాధ్యమో దానితో పోల్చాలని సూచించారు. ఫ్రాన్సెస్ స్టీవర్ట్ సమూహాల మధ్య అసమానతను విడిగా చూడాలని వాదించారు. పుట్టుకతో వచ్చిన గుర్తింపు వెంబడి నడిచే తేడా, పరిమాణంలో తక్కువైనా, రాజకీయంగా ఎక్కువ బలంగా పనిచేస్తుందన్నది ఆమె వాదన.

రెండు సమూహాల కూలి తేడాలో చదువు, అనుభవం, వృత్తి వల్ల వచ్చినదెంత, వాటితో వివరించలేనిదెంత అని విడదీసే పద్ధతిని రొనాల్డ్ ఒహాకా, ఆలన్ బ్లైండర్ 1973లో వేర్వేరుగా ప్రకటించారు. వివరించలేని భాగాన్ని వివక్షగా చదవడం మామూలే. అయితే చదువుకునే అవకాశమే వివక్ష వల్ల దక్కకపోతే, వివరించిన భాగంలోనూ వివక్ష దాగి ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల్లో అధ్యయనాలు

ప్రాంతాల పోలిక తెలుగునాట అన్నిటికంటే ఎక్కువ చర్చకు వచ్చిన సందర్భం, ప్రత్యేక తెలంగాణ డిమాండును పరిశీలించిన శ్రీకృష్ణ కమిటీది. 2010 ఫిబ్రవరిలో ఏర్పాటైన ఈ కమిటీ డిసెంబరు 30న నివేదిక ఇచ్చింది. తెలంగాణ, కోస్తాంధ్ర, రాయలసీమలను పోల్చేటప్పుడు హైదరాబాదును కలిపి ఒకసారి, తీసివేసి ఒకసారి లెక్కవేసింది. మహానగరం ఒక ప్రాంతపు సగటును ఎంత మారుస్తుందో దీనివల్ల స్పష్టమైంది. ప్రాంతాల సగటుల దగ్గరే ఆగకుండా వ్యవసాయ కూలీలు, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీల రాబడి ఒక్కో ప్రాంతంలో ఎటు నడిచిందో కూడా ఆ నివేదిక పరిశీలించింది.

గ్రామ స్థాయిలో ఫౌండేషన్ ఫర్ అగ్రేరియన్ స్టడీస్ 2005-06లో గుంటూరు జిల్లా అనంతవరం, అనంతపురం జిల్లా బుక్కచెర్ల, కరీంనగర్ జిల్లా కొత్తపల్లెలలో ఇంటింటి సర్వే చేసింది. 2010లో పుస్తకంగా వచ్చిన ఈ అధ్యయనం భూమి, కులం, ఆదాయాలను ఒకే పట్టికలో చూపింది. రాయలసీమ మెట్టకు ప్రతినిధిగా బుక్కచెర్ల సమాచారం పశ్చిమ కర్నూలు పరిశోధకులకు దగ్గరి పోలిక.

కులాల వారీ సమాచారం కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జనవరిలో, తెలంగాణ ప్రభుత్వం అదే ఏడాది నవంబరులో ఇంటింటి సర్వేలు మొదలుపెట్టాయి.

జాతీయ సర్వేల పరిధి

భారతదేశంలో అధికారిక అసమానత అంకెలు చాలాకాలంగా ఖర్చు మీద ఆధారపడినవి, ఆదాయం మీద కావు. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో తలసరి నెల ఖర్చు రూ.4,870, పట్టణాల్లో రూ.6,782; అంటే పట్టణం 39 శాతం ఎక్కువ. తెలంగాణలో ఇవి రూ.4,802, రూ.8,158, తేడా 70 శాతం. రెండు రాష్ట్రాల పల్లెలు దాదాపు ఒకేచోట ఉన్నాయి. తేడా అంతా పట్టణాలది.

అదే సర్వేలో దేశ గ్రామీణ ఖర్చు గినీ 0.266, పట్టణాలది 0.314. ఆదాయాన్నే నేరుగా అడిగిన భారత మానవాభివృద్ధి సర్వేలో గినీ 0.5 దాటింది. ప్రపంచ అసమానత ప్రయోగశాల లెక్కలో 2022-23లో పై ఒక శాతం వాటా జాతీయ ఆదాయంలో 22.6 శాతం. ఉన్నవారు రాబడిలో పెద్ద భాగం దాచుకుంటారు, లేనివారు అప్పు చేసి అయినా ఖర్చుపెడతారు. అందుకే ఖర్చు గినీ సాధారణంగా ఆదాయ గినీ కంటే తక్కువ. ఒకదాన్ని మరొకదానితో పోల్చకూడదు.

అప్పు ప్రభావం మన దగ్గర మరీ ఎక్కువ. 2019 సర్వేలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబపు నెల ఆదాయం రూ.10,480, జాతీయ సగటుకు కొంచెం పైన. సగటు అప్పు మాత్రం రూ.2,45,554, జాతీయ సగటు రూ.74,121కి మూడు రెట్లకు పైమాటే. అప్పుల్లో ఉన్న వ్యవసాయ కుటుంబాలు 93.2 శాతం. ఆదాయం ఒక్కటే చూస్తే రెండు సమూహాలు సమానంగా కనిపించినా, వడ్డీ పోగా మిగిలేది వేరు.

దేశవ్యాప్తంగా కుటుంబ ఆదాయాన్ని నేరుగా అడిగే సర్వేను 2026లో చేపడతామని కేంద్ర గణాంక శాఖ 2025లో ప్రకటించింది. అలాంటి నమూనా సర్వే కూడా రాష్ట్రానికి నమ్మదగ్గ అంకె ఇస్తుంది గానీ మద్దికెర మండలానికి ఇవ్వలేదు. మండల స్థాయిలో మాట్లాడాలంటే ఇంటింటి సర్వే, లేదా పెద్ద స్థానిక నమూనా తప్పదు.

పోలికకు కనీస నియమాలు

సమూహాల ఆదాయ అసమానత మీద ఏ నివేదిక అయినా ఐదు విషయాలు చెప్పాలి. కొలిచింది ఆదాయమా, ఖర్చా. సేద్యపు ఖర్చులను ఏ పద్ధతిలో తీసివేశారు. సర్వే ఏ నెలల్లో జరిగింది, వలస వెళ్లినవారిని ఎలా చేర్చారు. సమూహాల హద్దులు ఏ ఏటి జాబితా, ఏ ఏటి జిల్లా పటం ప్రకారం గీశారు. సమూహాల మధ్య తేడాతోపాటు లోపలి తేడా ఎంత. పశ్చిమ కర్నూలులో కులం గడి ఎంత ముఖ్యమో నీరు, భూమి, వలస అన్న గడులూ అంతే ముఖ్యం. ఇవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి గనుక విడివిడి పట్టికలతో పాటు కలిపిన పట్టిక కూడా కావాలి. ఈ వివరాలు లేని సగటుల పోలికను ప్రాథమిక సమాచారంగా తీసుకోవచ్చు గానీ విధాన నిర్ణయానికి ఆధారంగా తీసుకోకూడదు.